వెనక అంగుళం దించితే

1974 చివర్లో ఇంగ్లండులోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన ఎమ్‌జీబీ కార్లు ఉన్నట్టుండి ఎత్తు పెరిగాయి. 1962లో పుట్టిన నాటి నుంచి నేలని కరుచుకుని పరిగెత్తే బుల్లి స్పోర్ట్స్ కారుగా పేరున్న బండి అది. ఎత్తు పెంచమని కొనేవాళ్ళు అడగలేదు, ఇంగ్లండు రోడ్లూ పాడైపోలేదు. మారిందల్లా అమెరికా చట్టం.

1973 మోడళ్ళ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారూ గంటకి 5 మైళ్ళ వేగంతో ముందు బంపరుని అడ్డానికి గుద్దినా లైట్ల వంటి ముఖ్యమైన భాగాలకి దెబ్బ తగలకూడదన్నారు. మరుసటి ఏడాది ఇంకో మెలిక వచ్చింది. ఒక కారు బంపరు ఇంకో కారు బంపరుకే తగలాలి కాబట్టి అవన్నీ నేల నుంచి 16-20 అంగుళాల ఎత్తు మధ్య ఉండాలన్నారు. ఎమ్‌జీబీలకి పెద్ద బజారు అమెరికాయే. తయారీదారు బ్రిటిష్ లేలండ్‌కేమో డబ్బుకి కటకట, కొత్త బాడీ గీయించే స్తోమత లేదు. అందుకని పాత బాడీకే ముందూ వెనకా నల్లటి పాలీయురెథేన్ బంపర్లు తొడిగారు. అవి రబ్బరు కాకపోయినా జనం నోట ‘రబ్బరు బంపరు కారు’గానే స్థిరపడింది. ఆ పైన కారు మొత్తాన్నీ అంగుళం నుంచి అంగుళంన్నర దాకా పైకి లేపేశారు. అమెరికా కోసం ఒకటి, సొంత దేశం కోసం ఇంకొకటి చేస్తే ఖర్చు కనుక బ్రిటన్‌లో కొన్నవాళ్ళకీ అదే ఎత్తు బండి దక్కింది. 1975 మోడలులో పొదుపు పేరుతో, మలుపులో కారు పక్కకి వాలకుండా ఆపే యాంటీ రోల్ బారుని కూడా ముందు వైపు నుంచి పీకేశారు. మలుపుల్లో కారు ఊగిపోతోందని గోల పుట్టాక 1977 మోడలుకి ముందు బారుని తిరిగి పెట్టి, వెనక కూడా ఒకటి చేర్చి కొంత దిద్దుకున్నారు. ఎత్తు మాత్రం 1980లో ఫ్యాక్టరీ మూతపడేదాకా దిగలేదు.

యాభై ఏళ్ళు గడిచాయి. క్రోమ్ బంపరున్న పాత ఎమ్‌జీబీకి గిరాకీ ఎక్కువ. రబ్బరు బంపరుది చవక. చవక బండి కొన్నవాడి జేబు సహజంగానే పలచగా ఉంటుంది, అతని మొదటి కోరిక మాత్రం ఆ పెరిగిన అంగుళాన్ని తిరిగి దించడమే. ముందు వైపు ఎత్తంతా క్రాస్ మెంబర్ అనే బరువైన ఉక్కు దూలాన్ని మార్చి పెంచారు కాబట్టి అక్కడ చెయ్యి పెడితే పని పెద్దది. వెనక అలా కాదు. ఒక జాకీ, రెండు స్టాండ్లు, ఒక స్పానర్ సెట్టు ఉంటే ఆదివారం మధ్యాహ్నానికి అయిపోతుందని చెప్పుకుంటారు. నిజమే, అయిపోతుంది. ఎలా అయిపోయిందన్నదే అసలు సంగతి. అంగుళం దించడానికి నాలుగైదు చవక దారులున్నాయి. బయట నుంచి చూస్తే అన్నీ ఒకే ఫలితం ఇచ్చినట్టే ఉంటాయి. కింద స్ప్రింగులో జరిగేవి మాత్రం ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధం.

ఎమ్‌జీబీ వెనక ఉండేది మనకి కొత్త వస్తువేమీ కాదు. లారీ కింద కనిపించే కమాన్ కట్టే. మన అంబాసిడర్ వెనకా అదే ఉండేది. లండన్‌లో గుర్రపు బగ్గీలు చేసే ఒబదయా ఎలియట్ అనే ఆయన 1804లో ఇలాంటి పట్టీల స్ప్రింగుకి పేటెంటు తీసుకున్నాడు. మూల సూత్రం అప్పటి నుంచీ ఒకటే. విల్లులా వంచిన ఉక్కు పట్టీలని పొడవు వారీగా పేర్చి మధ్యలో సెంటర్ బోల్టుతో బిగిస్తారు. అన్నిటికన్నా పొడవైన పెద్ద పట్టీ రెండు కొసల్నీ గుండ్రంగా చుట్టి కన్నాలు చేస్తారు. ముందు కన్నం ఛాసిస్‌కి నేరుగా బిగుస్తుంది. వెనక కన్నం షాకిల్ అనే ఊగే లింకుకి తగులుకుంటుంది, ఎందుకంటే విల్లు చదునైనప్పుడు దాని పొడవు పెరుగుతుంది, ఆ పెరిగిన పొడవుకి చోటు కావాలి. తాటాకు పుస్తకాన్ని వంచితే ఆకులు ఒకదానిమీద ఒకటి జారినట్టు ఈ పట్టీలూ జారుతాయి. ఆ రాపిడి కూడా కొంత ఊగిసలాటని మింగేస్తుంది.

ఈ ఏర్పాటు గొప్పతనం, తిప్పలు రెండూ ఒకచోటే ఉన్నాయి. కాయిల్ స్ప్రింగు బరువు మోయడం తప్ప ఇంకేమీ చెయ్యదు. యాక్సిల్‌ని ముందుకీ వెనక్కీ పక్కకీ కదలకుండా పట్టుకోవడానికి వేరే కడ్డీలు కావాలి. కమాన్ కట్ట అలా కాదు. బరువు మోస్తుంది, యాక్సిల్‌ని తన చోట నిలబెడుతుంది, గేరు వేసి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు యాక్సిల్ గిర్రున మెలితిరగబోతే దాన్నీ ఆపుతుంది. మూడు ఉద్యోగాలు, ఒకే జీతం. అందుకే అది చవక, అందుకే దాని ఎత్తు ముట్టుకుంటే మిగతా రెండు పనులూ కదులుతాయి.

ఇక బిగువు లెక్క. ఒక పట్టీ ఎంత బిగువుగా ఉంటుందన్నది దాని వెడల్పుకి నేరుగా, మందానికి ఘనంలో, పొడవుకి విలోమ ఘనంలో మారుతుంది. అంటే మందం రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లు పెరుగుతుంది. పొడవు రెట్టింపైతే ఎనిమిదో వంతుకి పడిపోతుంది. ఒకే మందం పట్టీలు ఎన్ని పేరిస్తే మొత్తం బిగువు దాదాపు అన్ని రెట్లు. కాయిల్ స్ప్రింగుకి నియమం తిరగబడుతుంది. చుట్టలు ఎన్ని తక్కువైతే స్ప్రింగు అంత గట్టిది. ఎనిమిది చుట్టల్లో ఒకటి కోసేస్తే మిగిలిన ఏడు చుట్టల స్ప్రింగు సుమారు 14 శాతం బిగువెక్కుతుంది. కాయిల్ కోసి కారు దించిన కుర్రాడికి ఆ పాపపు పని మీద ఎంతో కొంత పరిహారం తెలియకుండానే దక్కుతుంది. దించాడు, గట్టిపరిచాడు. అదే బుర్రతో కమాన్ కట్టలోంచి ఒక పట్టీ తీసేసినవాడికి సరిగ్గా ఉల్టా జరుగుతుంది. దించుతాడు, మెత్తబరుస్తాడు.

ఈ పట్టీ తీసే ఉపాయం అన్నిటికన్నా చవక. ఖర్చు సున్నా. లెక్క కోసం ఒకే మందం పట్టీలు ఆరున్న కట్ట అనుకుందాం. కారు బరువు పడ్డాక అది నిలకడగా 125 మిల్లీమీటర్లు కుంగిందనుకుందాం. ఒక పట్టీ తీస్తే బిగువు ఆరులో ఐదు వంతులకి తగ్గుతుంది, అదే బరువుకి కుంగుడు 150 అవుతుంది. కారు సరిగ్గా 25 మిల్లీమీటర్లు, అంటే అంగుళం దిగింది! పనైపోయిందని చేతులు దులుపుకోవచ్చు. కానీ మిగిలిన ప్రతి పట్టీ మీదా ఒత్తిడి ఐదో వంతు పెరిగింది. ఉక్కు ఒక్కసారి గట్టిగా వంచితే విరగదు, లక్షల సార్లు కొద్దికొద్దిగా వంచితే విరుగుతుంది. దాన్ని లోహపు అలసట అంటారు. ఆ అలసట ఒత్తిడి పెరిగినంత నిష్పత్తిలో పెరగదు, ఎన్నో రెట్లు పెరుగుతుంది. 20 శాతం ఎక్కువ ఒత్తిడి ఆయుష్షుని సగానికి, అంతకన్నా తక్కువకి కూడా దించేయగలదు. ఏభై ఏళ్ళ పట్టీలకి, అదీ తుప్పు గుంటలు పడ్డవాటికి, అలసిపోవడానికి పెద్దగా మిగిలిందేమీ ఉండదు.

అంతకన్నా పెద్ద నష్టం కంటికి కనపడని చోట ఉంది. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే కారు దించడం గురించి ఎవరేం చెప్పినా చివరికి తేలేది ఈ లెక్క దగ్గరే.

యాక్సిల్‌కీ దానికి పైనున్న బాడీకీ మధ్య ఖాళీ ఉంటుంది. చక్రం గతుకెక్కినప్పుడు యాక్సిల్ ఆ ఖాళీలోకి లేస్తుంది. ఖాళీ చివర బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మె ఉంటుంది. యాక్సిల్ దాన్ని తాకిందంటే స్ప్రింగు పని అయిపోయినట్టే, ఆ తర్వాతి దెబ్బ నేరుగా బాడీకి, మన నడుముకి. కారు నిలకడగా ఉన్నప్పుడు ఆ ఖాళీ 75 మిల్లీమీటర్లు అనుకుందాం. కారుని 25 దించితే మిగిలేది 50. మూడో వంతు పోయింది. స్ప్రింగు దాచుకోగల శక్తి మాత్రం ఖాళీకి వర్గంలో మారుతుంది. 75 వర్గం 5625, 50 వర్గం 2500. అంటే గతుకు ఇచ్చే కుదుపుని మింగే శక్తి సగానికన్నా కిందికి, 44 శాతానికి పడిపోయింది. ఇంకోలా చెప్పాలంటే, బాడీ ఎంత వేగంతో కిందికి వచ్చి పడినా స్ప్రింగు ఆపగలిగేదో ఆ వేగం మూడో వంతు తగ్గింది. బిగువు మారకుండా దించినప్పటి లెక్క ఇది. పట్టీ తీసి దించితే బిగువు కూడా తగ్గింది కనుక ఆ వేగం 61 శాతానికి జారుతుంది. ఖాళీ కొంచెమే మిగిలినప్పుడు స్ప్రింగు ఇంకా బిగువుగా ఉండాల్సింది పోయి ఇంకా మెత్తనైంది. చవక దారుల్లో ఇదే అన్నిటికన్నా చెడ్డది. సున్నా ఖర్చు అన్న ఒక్క కారణంతో జనం పదే పదే దీన్నే పట్టుకోవడం నాకు ఆశ్చర్యం కలిగించదు గానీ చిరాకు తెప్పిస్తుంది.

రేసు కార్లు నేలకి ఆనుకున్నట్టు ఉన్నా నడుస్తాయి కదా అనొచ్చు. వాటి స్ప్రింగులు చాలా గట్టివి, ట్రాకు నున్నటిది, డ్రైవరు సుఖం ఎవరికీ పట్టదు. మూడూ కలిస్తేనే అది కుదురుతుంది.

రెండో దారి గ్యాస్ మంటతో కట్టని కాల్చి కుంగేలా చెయ్యడం. దీనికి ఎక్కువ చోటివ్వక్కర్లేదు. స్ప్రింగు ఉక్కుని ఎర్రగా కాల్చి, నూనెలో చల్లార్చి, తిరిగి 400-500 డిగ్రీల దగ్గర పదును సరిచేస్తారు. దాని స్ప్రింగుతనమంతా ఆ కొలిమి పనిలోనే ఉంది. మంటతో మళ్ళీ ఎర్రబెట్టి గాలికి వదిలేస్తే ఆ చోట అది మామూలు ఇనుపపట్టీ అయిపోతుంది. అక్కడే కుంగుతుంది, అక్కడే ఇంకా ఇంకా కుంగుతుంది, ఒకరోజు అక్కడే విరుగుతుంది. ముందు చెప్పినట్టు ఈ పట్టీయే యాక్సిల్‌ని నిలబెట్టేది కూడా. అది తెగితే వెనక చక్రాలు తమ దారి తాము చూసుకుంటాయి.

స్ప్రింగుని ముట్టుకోకుండా కారుని దించొచ్చా? దించొచ్చు. దానికే బ్లాకులు. ఎమ్‌జీబీలో కమాన్ కట్ట యాక్సిల్‌కి కింద ఉంటుంది, యాక్సిల్ కట్ట మీద కూర్చుంటుంది. ఆ రెండింటి మధ్య అంగుళం మందం దిమ్మె పెడితే కట్ట అంగుళం కిందికి జరుగుతుంది, దానికి వేలాడే బాడీ కూడా అంతే దిగుతుంది. మామూలు లారీలో కట్ట యాక్సిల్ మీద ఉంటుంది. అక్కడ అదే దిమ్మెని అదే చోట పెడితే బండి అంగుళం లేస్తుంది. బ్లాకు ఒకటే, కట్ట ఏ పక్కనుందో దాన్ని బట్టి ఫలితం తారుమారు.

ఈ తేడా ఎత్తుతో ఆగదు. కారు పరుగందుకునేటప్పుడు నేల టైరుని ముందుకి నెడుతుంది. ఆ తోపు నేల మట్టంలో పుడుతుంది, దాన్ని బాడీకి అందించే కట్ట మాత్రం పైన ఉంది. ఆ రెండింటి మధ్య ఎత్తే లివరు. లివరు ఎంత పొడవైతే కట్ట అంతగా మెలితిరిగి ఎస్ ఆకారంలోకి వంగుతుంది. లారీకి ఎత్తు బ్లాకు వేస్తే కట్ట నేలకి ఇంకా దూరమై లివరు పెరుగుతుంది, మెలిక పెరుగుతుంది. ఎత్తు పెంచిన జీపులు యాక్సిలరేటర్ తొక్కగానే వెనక దడదడలాడటం వెనక ఈ సంగతి ఉంది. కింద కట్ట ఉన్న ఎమ్‌జీబీకి దించే బ్లాకు వేస్తే కట్ట నేలకి దగ్గరవుతుంది, లివరు కాస్త తగ్గుతుంది. బ్లాకులంటే చెడ్డవనే పేరు లారీలూ జీపుల నుంచి వచ్చి దించే కార్లకి కూడా అంటుకుంది. ఆ నింద ఇక్కడ అన్యాయం.

ఎమ్‌జీబీ విషయంలో ఇంకో అదృష్టం కూడా ఉంది. దాని వెనక షాక్ అబ్జార్బర్ గొట్టంలా ఉండదు, ఛాసిస్‌కి బిగించిన పెట్టెలోంచి ఒక చెయ్యి బయటికొస్తుంది. ఆ చేతి నుంచి ఒక లింకు కట్ట కిందున్న ప్లేటుకి వెళ్తుంది. బ్లాకు వేస్తే కట్టతో పాటు ప్లేటూ దిగింది, బాడీ కూడా అంతే దిగింది. చెయ్యి ఉన్న చోటే ఉంది. షాక్ అబ్జార్బర్‌కి కారు దిగిన సంగతే తెలియదు. అసలు కట్టనే చదును చేసి దించితే ఆ చెయ్యి పైకి తిరిగి, దాని ప్రయాణంలో కొంత భాగం ముందే ఖర్చైపోతుంది.

అయితే బ్లాకు వెయ్యడంలో నిర్లక్ష్యం పనికిరాదు. కట్ట మధ్యలోని సెంటర్ బోల్టు తల యాక్సిల్ కిందున్న కన్నంలో కూర్చుని యాక్సిల్‌ని తన చోట పట్టుకుంటుంది. మధ్యలో బ్లాకు దూరితే ఆ తల బ్లాకు కన్నంలోకి, బ్లాకు మీది పిన్ను యాక్సిల్ కన్నంలోకి వెళ్ళాలి. పిన్ను లేని దిమ్మె పెట్టి, కట్టనీ యాక్సిల్‌నీ కలిపి బిగించే యూ-బోల్టుల బిగువునే నమ్ముకుంటే ఒక గట్టి బ్రేకుకి యాక్సిల్ ఒక పక్క జరిగి కారు పీతలా నడుస్తుంది. పాత యూ-బోల్టులు పొట్టివవుతాయి కాబట్టి పొడవైనవి కొత్తవే వెయ్యాలి. ఒకసారి సాగిన యూ-బోల్టుకి రెండో పెళ్ళి చెయ్యకూడదు. దిమ్మె ఉక్కుదో, గట్టి అల్యూమినియందో అయ్యుండాలి. చెక్క ముక్కలు పెట్టిన మహానుభావులు ఉన్నారు. చెక్క నలుగుతుంది, తడికి ఉబ్బుతుంది, ఆరి కుంచించుకుంటుంది, బోల్టు వదులవుతుంది. రెండు బ్లాకులు ఒకదానిమీద ఒకటి పేర్చడం కూడా అదే కోవలోది.

నాలుగో దారి, నాకు అన్నిటికన్నా నచ్చేది, కట్టని విప్పి కమాన్ పనివాడి దగ్గరికి తీసుకెళ్ళడం. అతను పట్టీలని విడదీసి, వేడి పెట్టకుండా చల్లగానే వరసగా సుత్తి దెబ్బలతోనో ప్రెస్సుతోనో వంపుని కాస్త తగ్గిస్తాడు. పట్టీల మందం మారలేదు, పొడవు మారలేదు, సంఖ్య మారలేదు. కాబట్టి బిగువూ మారలేదు. కోల్పోయింది ఖాళీ, ముందు చెప్పిన షాక్ అబ్జార్బర్ చేతి ప్రయాణంలో కొంత, అంతే. ఇంగ్లండులో ఈ పని చేసే స్ప్రింగు కార్ఖానాలు ఇప్పుడు అక్కడక్కడా మిగిలాయి. మన దగ్గర విజయవాడ ఆటోనగర్ లాంటి చోట లారీల పుణ్యమా అని ఇది నిత్యకృత్యం. అక్కడ అడిగేదంతా వంపు పెంచమనే, లోడు మోసి మోసి కుంగిన కట్టని పైకి లేపమనే. వంపు తగ్గించమని ఎవరైనా అడిగితే పనివాడు ఒకసారి తేరిపార చూస్తాడు. సుత్తి దెబ్బల వరస మాత్రం ఒకటే, పట్టీని బోర్లా తిప్పితే చాలు. పనిలో పనిగా పట్టీల మధ్య తుప్పు గోకి గ్రీజు పెట్టించుకోవచ్చు. పట్టీ కొసల్లో చీలిక ఉంటే అప్పుడే బయటపడుతుంది.

కొసకి ఒక మాట. ఏ దారి పట్టినా ముందు కొలవాలి. ఏభై ఏళ్ళ కట్ట తనంతట తానే కుంగి ఉండొచ్చు, ముఖ్యంగా ఎప్పుడూ ఒక్కడే కూర్చుని నడిపిన కారులో డ్రైవరు పక్కది. నేల నుంచి కొలిస్తే టైరు గాలి కూడా లెక్కలో కలిసిపోతుంది. చక్రం మధ్య బిందువు నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా నిలువుగా కొలవడమే పద్ధతి. కుంగిన కట్టల మీద బ్లాకు వేసి రెండంగుళాలు దిగిపోయిందని లబోదిబోమనే వాళ్ళు తక్కువేమీ కారు.

ఇంతా చేస్తే వచ్చేదేమిటి? గురుత్వ కేంద్రం దిగుతుంది, మలుపులో కారు నిలకడగా ఉంటుంది అని అందరూ చెప్పే మాట. లెక్కేస్తే కాస్త నవ్వొస్తుంది. మలుపులో లోపలి చక్రాల మీది బరువు బయటి చక్రాల మీదకి బదిలీ అవుతుంది, ఆ బదిలీ గురుత్వ కేంద్రం ఎత్తుకి నేరుగా మారుతుంది. ఆ ఎత్తు అర మీటరు అనుకుందాం. వెనక మాత్రమే అంగుళం దించితే మధ్యలో ఉండే గురుత్వ కేంద్రం అర అంగుళమే దిగుతుంది. 500లో 12.5 మిల్లీమీటర్లంటే రెండున్నర శాతం. ఆ రెండున్నర శాతాన్ని డ్రైవరు పసిగట్టడం కష్టం. కారు పక్కకి వాలడం కూడా వెనక పెద్దగా తగ్గదు. బాడీ ఏ ఎత్తు చుట్టూ వాలుతుందో ఆ ఎత్తుని వెనక కట్టలే నిర్ణయిస్తాయి. బ్లాకు వేస్తే కట్టలూ బాడీ కలిసి దిగాయి కనుక వాలే లివరు అలాగే ఉంది.

మరి దించిన వాళ్ళంతా కారు మారిపోయిందని ప్రమాణం చేసి చెబుతారేం? ఊహ కాదు. అసలు లాభం యాక్సిల్ దిశలో ఉంది. యాక్సిల్ పైకీ కిందికీ కదిలేది కట్ట ముందు కన్నం చుట్టూ ఒక చాపంలో. ముందు కన్నం యాక్సిల్ కన్నా ఎత్తున ఉంటే, చక్రం లేచినప్పుడు యాక్సిల్ కొంచెం వెనక్కి జరుగుతుంది. తక్కువ ఎత్తున ఉంటే ముందుకి జరుగుతుంది. ఎడమ వైపు మలుపు తీసుకుందాం. కారు కుడికి వాలుతుంది, కుడి చక్రం బాడీలోకి లేస్తుంది, ఎడమది దిగుతుంది. కన్నం ఎత్తున ఉన్న కారులో కుడి చక్రం వెనక్కి, ఎడమది ముందుకి జరిగి యాక్సిల్ మొత్తం ఒక పిసరు కుడి వైపు తిరుగుతుంది. మనం స్టీరింగ్ ఎడమకి తిప్పాం, వెనక చక్రాలేమో చెప్పాపెట్టకుండా కుడికి తిరిగాయి. వెనక భాగం మలుపు బయటికి ఈడ్చుకుపోతున్నట్టు అనిపిస్తుంది. కారు ఎత్తు పెంచినప్పుడు కన్నం కూడా యాక్సిల్‌తో పోలిస్తే పైకి వెళ్ళింది. అందుకే రబ్బరు బంపరు ఎమ్‌జీబీకి ఆ బెదురు నడక వచ్చింది.

అంగుళం దించితే ఎంత తేడా? కన్నం నుంచి యాక్సిల్‌కి అర మీటరు అనుకుంటే 25 మిల్లీమీటర్ల తేడా ఆ వాలుని 20లో ఒక వంతు మారుస్తుంది. కారు 3 డిగ్రీలు వాలినప్పుడు వెనక యాక్సిల్ తిరుగుడులో తేడా 0.15 డిగ్రీ. కాగితం మీద ఇది గాలికి కొట్టుకుపోయే అంకె. కానీ మామూలు మలుపులో టైరు చూసే దిశకీ అది నిజంగా వెళ్ళే దిశకీ మధ్య ఉండే జారుకోణం మొత్తమే రెండు మూడు డిగ్రీలు. అందులో కనీసం ఇరవయ్యో వంతు మంచి వైపుకి మళ్ళిందంటే చేతులకి తెలుస్తుంది. కారు నేలకి దగ్గరైంది కాబట్టి బాగుందని డ్రైవరు అనుకుంటాడు. నిజానికి ఒక బోల్టు కన్నం దిగింది, అంతే.

దిగింది వెనకే కాబట్టి ముందు ముక్కు లేస్తుంది. ఇది చాలామందికి తట్టదు. ఎమ్‌జీబీ రెండు యాక్సిళ్ళ మధ్య దూరం 91 అంగుళాలు, అంటే 2311 మిల్లీమీటర్లు. వెనక 25 దించితే కారు 0.6 డిగ్రీ పైకి చూస్తుంది, శాతంలో చెప్తే 1.1. హెడ్‌లైట్ల డిమ్ము కాంతిని సాధారణంగా ఒక శాతం, అంటే 10 మీటర్లకి 10 సెంటీమీటర్లు, కిందికి వాల్చి అమరుస్తారు. ఒక్క అంగుళం ఆ వాలు మొత్తాన్నీ తినేసింది. అమరిక మార్చకపోతే ఎదురొచ్చేవాడి కళ్ళలోకి సూటిగా కొడుతుంది. ముందు చక్రాల క్యాస్టర్ కోణం, అంటే స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలిన కోణం, కూడా అంతే పెరుగుతుంది. ఎమ్‌జీబీకి అది ముందే 7 డిగ్రీలు, ఇప్పుడు ఏడున్నర దాటింది. పవర్ స్టీరింగ్ లేని బండి, చేతులు ఇంకొంచెం కష్టపడతాయి. నేరుగా పోయేటప్పుడు మాత్రం ఇంకాస్త స్థిరంగా ఉంటుంది.

పోయిన ఖాళీని తిరిగి సంపాదించడానికి బంప్ స్టాప్ రబ్బరుని కొంత కోసేయమని సలహా ఇస్తారు. కొయ్యొచ్చు, కానీ కోసే ముందు స్ప్రింగు విప్పి యాక్సిల్‌ని జాకీతో పైకి తోసి, టైరు మడ్‌గార్డుకీ యాక్సిల్ గొట్టం బాడీకీ ఎక్కడ తగులుతున్నాయో చూడాలి. బంప్ స్టాప్ ఉన్నది అవి తగలకుండా ఆపడానికే. రబ్బరు దిమ్మె కూడా ఒక స్ప్రింగే, మొదట మెత్తగా తర్వాత గట్టిగా అడ్డుతుంది. సగానికి కోస్తే మెత్తటి భాగమే పోతుంది, దెబ్బ మొదటి నుంచే గట్టిగా తగులుతుంది. వెడల్పు టైర్లు కూడా వేసి ఉంటే ఈ పరీక్ష తప్పనిసరి.

అంబాసిడర్‌ని ఇలా దించుదామని ఎవరికైనా మనసు పుడితే రెండు సంగతులు. మొదటిది చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు ఇచ్చిన మూల వివరాలకి భిన్నంగా బండిని మార్చనివ్వదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. రెండోది స్పీడ్ బ్రేకర్. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధం గల చాపం. అంబాసిడర్ వీల్‌బేస్ 2464 మిల్లీమీటర్లు. నాలుగు చక్రాలూ ఆ చాపం మీదే ఉన్నప్పుడు మధ్యలో పొట్టకి దగ్గరయ్యేది కేవలం 45 మిల్లీమీటర్లు. దించిన కారు కూడా గీసుకోకుండా దాటిపోతుంది. మన కాలనీల్లో రాత్రికి రాత్రి వెలిసే, అడుగున్నర వెడల్పులో జానెడు ఎత్తుకి పోసిన సిమెంటు గట్టుకి ఆ లెక్కేదీ వర్తించదు. అది తన ఎత్తు మొత్తాన్నీ పొట్ట కింద దూరుస్తుంది. ఇలాంటి గట్లున్న వీధిలో ఉండేవాళ్ళకి నా సలహా ఒకటే, కారుని ఉన్నట్టే ఉంచండి.

బిగించేటప్పుడు రెండు చిన్న విషయాలు ఖర్చు లేనివే అయినా తరచూ తప్పిపోతుంటాయి. కట్ట ముందు కన్నంలో, షాకిల్‌లో ఉండే రబ్బరు బుష్‌ల బోల్టులని కారు స్టాండ్ల మీద వేలాడుతుండగా గట్టిగా బిగించకూడదు. రబ్బరు ఆ స్థితిలోనే పట్టుబడిపోతుంది, కారు నేల మీద నిలిచాక అది ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, కొత్త బుష్ అయినా త్వరగా చిరుగుతుంది, పైగా ఎత్తు కొలత తప్పు చూపిస్తుంది. చక్రాలు నేల మీద ఆని బరువు పడ్డాకే ఆఖరి బిగింపు. యూ-బోల్టులు కూడా మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లకి కొంత వదులవుతాయి, ఎందుకంటే బ్లాకు వల్ల కొత్తగా వచ్చిన అతుకులు నలిగి సర్దుకుంటాయి. అప్పుడు మళ్ళీ టార్క్ రెంచ్ పెట్టి బిగించి, ఎత్తు మళ్ళీ కొలిచి, హెడ్‌లైట్ల అమరిక ఆ తర్వాతే చేయించుకోవాలి.